బస్ కోసం కూర్చున్న గవ్వ మనుషులు – నా అనుభవం

మా షెల్ఫ్ మీద ఇప్పుడొక చిన్న బెంచీ ఉంది, సముద్రానికి కొట్టుకొచ్చిన కర్రతో చేసింది, జానాబెత్తెడు ఉంటుంది. దాని మీద నలుగురు మనుషులు, కింద ఒక కుక్క, అందరూ బస్ కోసం ఎదురుచూస్తున్నారు. ఒంటికంటి ముసలాయన, నోరు మూయకుండా మాట్లాడే పెద్దావిడ, బరువు సంచి పట్టుకున్న కుర్రాడు, అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయే పిల్ల. అన్నీ గవ్వలు, ఆల్చిప్పలు, నత్తగుల్లలే. ఫిబ్రవరి 13న మొదలుపెడితే మే 4కి పూర్తయింది, హమ్మయ్య అనుకున్నాక జూన్ చివర్లో ఇంకో దెబ్బ తగిలింది, ఆ సంగతి దాని చోట చెప్తా. వీడియోల్లో చూస్తే మూడు నిమిషాల్లో చిప్ప తీసి జిగురు రాసి అంటించేస్తారు, కళ్ళు పెట్టేస్తారు, బొమ్మ రెడీ. మధ్యలో వచ్చే కంపు, ఆరడానికి పట్టే రోజులు, రాత్రి అంటించింది పొద్దున్నకి ఊడి పడుండటం, ఇవి మాత్రం ఎవరూ చూపించరు. అందుకే పడ్డది పడ్డట్టు వరసగా రాస్తున్నా.

ఫిబ్రవరి 13 పౌర్ణమి మర్నాడు. కావాలనే ఆ రోజు చూసుకుని గవ్వలు ఏరడానికి సముద్రం ఒడ్డుకి వెళ్ళాం, పౌర్ణమి అమావాస్యల తర్వాత ఒకట్రెండు రోజులు పోటు ఎంత పైకి వస్తుందో తర్వాత నీళ్ళు అంత వెనక్కి తగ్గుతాయి, మామూలు రోజుల్లో కనపడని ఇసుక కూడా బయటపడుతుంది. వెళ్ళేటప్పుడు బస్‌స్టాప్‌లో గంటకి పైనే కూర్చున్నాం నేనూ మా పాపా, పక్కన ఒక పెద్దాయన ఒక కన్ను చికిలించి రోడ్డు వంకే చూస్తున్నాడు. అది మర్చిపోయా. ఒడ్డున రెండు గంటలు తిరిగాక పాప ఒక చిప్ప పట్టుకొచ్చి "అమ్మా, ఇందాకటి తాతయ్య చూడు" అంది. అరచేతిలో సగం ఉండే తెల్లటి చిప్ప, కీలు దగ్గర గుండ్రంగా ఒకే ఒక బెజ్జం, అంచు లోపలికి వాలుగా చెక్కినట్టు నున్నగా ఉంది. మూన్ స్నెయిల్ అని ఒక నత్త ఉంటుంది, అది వేరే చిప్పలకి ఇలా బెజ్జం వేసి లోపలి ప్రాణిని తింటుంది, ఆ బెజ్జమే ఇది. ఆ కన్ను చుట్టూ చిప్ప గీతలు ముడతల్లా ఉన్నాయి. నేను చేయాల్సిందేమీ లేదు, ఆయన అందులోనే ఉన్నాడు. ఈ బొమ్మలన్నీ ఆ చిప్పలోంచే పుట్టాయి.

మంచి మంచి శంఖాలు ఏరుకొద్దామని వెళ్తే దొరికినవాటిలో ముప్పాతిక వంతు విరిగిన ముక్కలే. మొదట పారేయబోయా, అదృష్టం, పారేయలేదు. విరిగిన నత్తగుల్ల లోపల మెలికలు తిరిగిన కడ్డీ ఒకటి ఉంటుంది చూడండి, దానికి మించిన ముక్కు ఇంకోటి లేదు. అలలకి అరిగిపోయిన ఆల్చిప్ప అంచులు కుచ్చిళ్ళు పోసిన గుడ్డలా ఉంటాయి. ఎండి తేలిగ్గా అయిపోయిన పీత గిచ్చే కాలు ఒకటి దొరికింది, అదే తర్వాత కుర్రాడి చెయ్యి అయింది. ముక్కల్ని చిన్నచూపు చూడకండి, నిండు శంఖం ఎప్పటికీ శంఖంలాగే కనిపిస్తుంది, ముక్క మాత్రం ఏదైనా అవుతుంది.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి బకెట్లోంచి టిక్ టిక్ మని చప్పుడు. చూస్తే ఒక నత్తగుల్ల నడుస్తోంది. లోపల సన్యాసి పీత, ఖాళీ గుల్లని ఇల్లుగా చేసుకుని ఉండేది. ఒడ్డున తీసినప్పుడు లోపలికి ముడుచుకుపోయి ఖాళీదానిలాగే ఉంది, నేను చూసుకోలేదు. పాప ఏడుపు మొదలుపెట్టింది, నాకూ గుండె బరువెక్కింది. మంచినీళ్ళలో వేయకముందే చూశాం కాబట్టి సరిపోయింది, తడి గుడ్డ కప్పి అప్పటికప్పుడు వెనక్కి తీసుకెళ్ళి నీళ్ళ అంచున వదిలేసి వచ్చేసరికి పన్నెండైంది. అప్పట్నుంచి ఏది తీసినా వెంటనే సంచిలో వేయను, ముందు నీడలో తడి ఇసుక మీద పెట్టి పది నిమిషాలు చూస్తా, కదిలితే దానిదే. మంచి గుల్లలన్నీ ఊడ్చుకురాను కూడా, వాటికి పెరిగే కొద్దీ పెద్ద ఇల్లు కావాలి కదా. కొనుక్కుంటే ఈ గొడవ ఉండదని కొందరంటారు గానీ అమ్మే మెరుపు గుల్లల్లో చాలా వాటిని బతికుండగా పట్టి తీస్తారు. క్వీన్ కాంచ్ అనే పెద్ద శంఖం రకం 1992 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టే సైటీస్ జాబితాలో ఉంది, మెలికల గుల్లలో ఉండే నాటిలస్ అనే సముద్రప్రాణిని చేర్చాలని 2016లో నిర్ణయించారు, జయింట్ క్లామ్‌లనే భారీ ఆల్చిప్పలు, గట్టి పగడాలు కూడా అందులో ఉన్నాయి. నేను ఒక్కటి కూడా కొనలేదు.

తర్వాత కడగడం. ఎనిమిది రోజులు, రోజూ నీళ్ళు మార్చాలి. ఐదో రోజుకి ఇల్లంతా ఒక కంపు, ఎక్కడ్నుంచో తెలీదు, బకెట్లో ఒక్కొక్కటి తీసి వాసన చూసుకుంటూ పోతే పొడుగాటి నత్తగుల్ల ఒకటి దొరికింది, మెలికల లోపల చిట్టచివర కుళ్ళిన ముక్క ఉంది. పుల్లతో రాలేదు, ఉడకబెట్టినా పూర్తిగా రాలేదు. చివరికి పూలకుండీ మట్టిలో పాతిపెట్టా, మూడు వారాలకి చీమలు శుభ్రంగా ఖాళీ చేసి పెట్టాయి. కర్రకి ఇంకా ఎక్కువ టైమ్ పట్టింది, రెండు వారాలు మంచినీళ్ళలో నానబెట్టి తర్వాత మూడు వారాలు నీడలో ఆరబెట్టా. ఉప్పు పోకపోతే అది గాలిలో తేమని లాగుతూనే ఉంటుంది, ఆ చెమ్మ మీద ఏ జిగురూ నిలబడదు.

ఫిబ్రవరి 22న నేను చేసిన తప్పు ఇప్పటికీ బాధగా ఉంటుంది. చిప్పల మీద గోధుమరంగు పొరలాంటిది ఉంటుంది, అది పోవాలంటే బ్లీచ్, నీళ్ళు సమానంగా కలిపి అందులో వేసి అరగంటకోసారి చూసుకోవాలి. నేను రాత్రి వేసి పడుకున్నా. పొద్దున చూస్తే రెండు దారుణాలు. మొదటిది, చిన్న పల్చటి చిప్పలు సుద్దముక్కల్లా అయిపోయాయి, గోరుతో గీస్తే పొడి రాలుతోంది. రెండోది, రెండు రెక్కలూ అతుక్కుని ఉన్న జత చిప్పలు నాలుగు తెచ్చుకున్నా, పెద్దావిడ నోటి కోసమని ప్రత్యేకంగా దాచినవి, నాలుగూ విడిపోయాయి. ఆ కీలు చిప్పతో చేసింది కాదు, ప్రొటీన్‌తో చేసిన పట్టీలాంటిది, బ్లీచ్‌కి కరిగిపోతుంది. ఎవరైనా ముందే ఒక్క మాట చెప్పుంటే ఎంత బావుండేది. ఇంకోటి, బ్లీచ్ వాసన పోవాలని అందులో వెనిగర్ పోయకండి, విషవాయువు వస్తుంది. బ్లీచ్ లేకుండా వెనిగర్ ఒక్కటే వాడినా నష్టమే, చిప్ప అంతా కాల్షియం కార్బొనేట్ కదా, వెనిగర్‌లో వేస్తే బుడగలు వస్తూ పైపొర కరుగుతుంది.

మార్చి 1న అంటించడం మొదలుపెట్టా. మొదట హాట్ గ్లూ గన్. వేడిగా ఉన్నప్పుడు భలే పట్టినట్టుంటుంది, తెల్లారేసరికి ముసలాయన తల బల్ల మీద దొర్లుతోంది. జిగురు మొత్తం చిప్ప ఆకారంలో ఒక్క ముక్కగా ఊడొచ్చింది, చిప్ప లోపలివైపు అద్దంలా నున్నగా ఉంటుంది కాబట్టి దానికి పట్టు దొరకదు. తర్వాత సూపర్ గ్లూ. అతికింది గానీ అతుకు చుట్టూ తెల్లగా పొగ పట్టినట్టు మరక వచ్చింది, పైగా కొంచెం తగిలితే పుటుక్కున విరుగుతుంది.

మార్చి 9న జరిగింది మాత్రం అందరికీ చెప్పాలి. ముసలాయనకి గడ్డం పెడదామని దూది ఉండ తీసుకుని దాని మీద సూపర్ గ్లూ ధారగా పోశా. రెండు సెకన్లలో దూదిలోంచి పొగ. నాకు అర్థం కాలేదు, వేలికి అంటుకునే ఉంది, కాలిపోతోంది, లాగితే రావట్లేదు. పంపు కింద చెయ్యి పెట్టేశా, పది నిమిషాలకి గానీ మంట తగ్గలేదు, చూపుడు వేలి మీద పెద్ద పొక్కు. సూపర్ గ్లూకి నూలు, దూది తగిలితే ఒక్కసారిగా గట్టిపడి విపరీతమైన వేడి పుడుతుందని తర్వాత తెలిసింది. అంటే నూలు చేతి తొడుగులు వేసుకుని సూపర్ గ్లూ వాడినా అదే ప్రమాదం. పాప పక్కన లేదు కాబట్టి సరిపోయింది, పక్కనుంటే వేలు పెట్టేది తనే. గడ్డం సంగతి చివరికి కర్రే తేల్చింది, దానికి ఒక చివర బార్నకిల్స్ గుత్తిగా పట్టుకుని ఉన్నాయి, తెల్లటి గరుకు గుల్లలు, ఆ గుత్తిని ఊడదీసి గడ్డం కింద పెడితే రెండు రోజులు గీసుకోని గడ్డంలా కుదిరిపోయింది.

ఆఖరికి నిలబడింది రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ. ఐదు నిమిషాల రకం అంటారు గానీ ఆ ఐదు నిమిషాలు మనం సర్దుకోవడానికే, పూర్తి బలం రావడానికి 24 గంటలు కావాలి. అంటించే చోట శాండ్ పేపర్ తడిపి గరుకు చేయాలి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. రంగు తేలాలని చిప్పలకి నూనె రాయమంటారు, రాస్తే అన్నీ అతికించాకే రాయండి, ముందు రాసినవి ఒక్కటీ అతకలేదు. నాకైన ఖర్చులో సగం ఇలా పనికిరాకుండా పోయిన జిగుర్లకే, తెచ్చుకున్న చిప్పలకి పైసా పెట్టలేదు.

మార్చి 15న మళ్ళీ పౌర్ణమి మర్నాడు చూసుకుని వెళ్ళాం, ఈసారి జత చిప్పల కోసమే. ఆరు దొరికాయి. బ్లీచ్ జోలికి పోకుండా సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్‌తో మాత్రమే కడిగా. ఇక్కడొక విషయం తెలిసింది, కీలు తడిగా ఉన్నంతసేపే సాగుతుంది, ఆరితే బిగుసుకుపోతుంది, ఆరాక తెరవబోతే విరుగుతుంది. అందుకని తడిగా ఉండగానే రెండు రెక్కల మధ్య మడత పెట్టిన కాగితం దూర్చి ఎంత నోరు తెరవాలో అంత తెరిచి పెట్టి ఆరనిచ్చా. ఒకటి మరీ ఎక్కువ తెరిస్తే అరుస్తున్నట్టు, కొంచెమే తెరిస్తే భయపడినట్టు ఉంది. మూడోది సరిగ్గా ఒక మాట పూర్తి చేసి ఇంకో మాట అందుకోబోతున్నట్టు వచ్చింది. అది చూసి ఆ రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

కళ్ళ గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే బొమ్మకి ప్రాణం వచ్చేదీ పోయేదీ అక్కడే. ఆడే ప్లాస్టిక్ కళ్ళ ప్యాకెట్ ముందే తెచ్చుకున్నా. మార్చి 22న నాలుగు తలలకీ పెట్టి చూశా. పెట్టగానే నలుగురూ ఒకే మనిషి అయిపోయారు. అప్పటిదాకా ముసలాయనకి ఉన్న ముడతలు, పెద్దావిడ నోరు ఏవీ కనపడలేదు, చూపంతా ఆ తెల్ల గుండ్రాల మీదికే పోయింది. పాప కూడా "వీళ్ళెవరో తెలీదు నాకు" అంది. అన్నీ పీకేశా. ముసలాయనకి ఆ బెజ్జమే కన్ను, లోపల చీకటి తప్ప ఏమీ పెట్టలేదు. పెద్దావిడకి అసలు కళ్ళే లేవు, పై రెక్క గీతల నీడ చాలు. కుర్రాడికి ఆవగింజంత నల్ల నత్తలు రెండు, ఒకటి కాస్త కిందికి. నిద్రపోయే పిల్లకి గవ్వ. గవ్వని బోర్లా కాకుండా వెల్లకిలా తిప్పి అడ్డంగా పెట్టి చూడండి, ఆ చీలికా దాని రెండు వైపులా పళ్ళూ అచ్చం మూసుకున్న రెప్పా వెంట్రుకల్లా ఉంటాయి. నిద్ర అంటే అదే, ఇంకేమీ కలపక్కర్లేదు. గవ్వ నిగనిగలాడే వీపు మాత్రం బుగ్గలా పక్కకి కనపడేట్టు వాల్చా.

కాళ్ళ కోసం చిప్పలకి బెజ్జాలు వేయాల్సొచ్చింది, వారం రోజులు పట్టింది. తొమ్మిది చిప్పలకి వేస్తే నాలుగు పగిలాయి. పళ్ళెంలో వేలెడు నీళ్ళు పోసి చిప్పని మునిగేట్టు పెట్టి, చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌కి 2 మిల్లీమీటర్ల డైమండ్ బిట్ పెట్టి, నొక్కకుండా నిదానంగా తిప్పాలి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి, ఆ తెలుపంతా లేకపోతే మన ఊపిరితిత్తుల్లోకి పోయే పొడే, అందుకే ఆరిన చిప్పని మాత్రం ఎప్పుడూ కోయను, మాస్క్ కూడా తీయను.

ఏప్రిల్ 5 నుంచి 20 దాకా రోజుకి ఒకే ఒక అతుకు. తొందరపడి ఒకేరోజు రెండు పెడితే మొదటిది జారేది. బేసిన్‌లో పొడి ఇసుక పోసి బొమ్మని అందులో కావాల్సిన వంపులో గుచ్చి పెడితే కదలకుండా ఆరుతుంది, ఈ ఇసుక ఉపాయం లేకపోతే నేను సగంలో మానేసేదాన్ని. కూర్చున్న బొమ్మలు ముందుకి తూలుతుంటే కింది చిప్పలో ఎపాక్సీ ముద్ద, కడిగి ఆరబెట్టిన ఇసుక కలిపి నింపా, బరువు కిందికి వచ్చి కుదురుగా కూర్చున్నాయి.

ఈ రెండు వారాల్లో నాకు బాగా నచ్చిన పని, జిగురు పెట్టకముందు తలని పిల్లలు ఆడుకునే క్లేతో తాత్కాలికంగా నిలబెట్టి ఒక రాత్రి వదిలేయడం. పొద్దున లేచి చూస్తే అది ఎవరో తెలిసిపోతుంది. కుర్రాడి తల నిటారుగా ఉన్నప్పుడు పొగరుగా కనిపించాడు. నూలుపోగంత పక్కకి వంచితే, నిద్రపోతున్న చెల్లెలు లేవకూడదని మెడ కదపకుండా కూర్చున్నవాడు అయిపోయాడు. సంచి బరువుకి ఆ పీత చెయ్యి సాగినట్టు, భుజం కిందికి దిగినట్టు, అన్నీ ఆ ఒక్క వంపుతోనే వచ్చాయి. మూడు రోజులు ఆ వంపునే అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నా, ఇంట్లో వాళ్ళు ఇంకా అవ్వలేదా అంటున్నా వినలేదు. కుక్క మాత్రం ఒక్క సాయంత్రంలో అయిపోయింది, ఐదు చిన్న గుల్లలు, తోకకి సన్నటి పొడుగు నత్తగుల్ల, అంతే.

మే 4న బెంచీ మీద అందర్నీ కూర్చోబెట్టా. ఎపాక్సీ అయిపోయింది, ఇంట్లో సందులు పూడ్చే సిలికాన్ సీలెంట్ ఉంటే దాంతో అంటించేశా, వెనిగర్‌లాంటి ఘాటు వాసన వచ్చేది, ఆరితే పోతుందిలే అనుకున్నా. ఊరెళ్ళాల్సి ఉందని, దుమ్ము పడకూడదని మూత ఉన్న చెక్కపెట్టెలో పెట్టి జాగ్రత్తగా మూసేశా. జూన్ 29న తెరిస్తే పిల్ల బుగ్గ మీద తెల్లగా నూగు. బూజు అనుకుని గుడ్డతో తుడిస్తే పొడిలా రాలింది, కింద గవ్వ మెరుపు లేదు. ఒళ్ళు జల్లుమంది. బైన్స్ డిసీజ్ అంటారట దీన్ని, పేరుకి డిసీజ్ గానీ రోగం కాదు, పందొమ్మిదో శతాబ్దం చివర్లో బైన్ అనే ఆయన ఇదేదో సూక్ష్మజీవుల పని అనుకున్నాడు, నిజానికి ఆమ్లపు ఆవిరి చేసే పని. కొన్ని రకాల చెక్క, అట్టపెట్టెలు, వెనిగర్ వాసన వచ్చే సీలెంట్ వదిలే ఎసిటిక్ ఆమ్లం మూసిన పెట్టెలో నిలిచిపోయి, తేమతో కలిసి చిప్పని తినేస్తుంది. దుమ్ము పడకూడదని నేను చేసిన జాగ్రత్తే దానికి ముప్పయింది.

పోయిన మెరుపు తిరిగి రాదు. బొమ్మలన్నీ మంచినీళ్ళలో ముంచి తీసి రెండు రోజులు ఆరబెట్టా, పొడి పోయింది. సీలెంట్ మొత్తం గీకేసి ఎపాక్సీతో మళ్ళీ అంటించా. వార్నిష్ రాస్తే బుగ్గ మెరుస్తుందని తెచ్చిపెట్టుకున్నా గానీ పాప ఒప్పుకోలేదు, "వద్దమ్మా, అది నిద్రలో చెమట పట్టినట్టుంది" అంది. చూస్తే నిజమే, మసకబారిన బుగ్గ మెరిసే బుగ్గకంటే నిద్రలో ఉన్నట్టుంది. రాయలేదు.

ఇప్పుడు బెంచీ తెరిచిన షెల్ఫ్ మీద, ఎండ తగలని చోట ఉంది. వారానికోసారి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులుపుతున్నా. మొన్న దులిపేటప్పుడు కుర్రాడి సంచి ఊడింది, మళ్ళీ గరుకు చేసి, తుడిచి, అంటించి అతన్ని బెంచీ మీంచి తీసి ఇసుక బేసిన్‌లో నిలబెట్టా, రేపు సాయంత్రానికి 24 గంటలు అవుతాయి. అందాకా పిల్ల తలకి ఆసరాగా పక్కన క్లే ముద్ద పెట్టింది పాప.